చెయ్యి చూపిన చోట సిగ్నల్ లేదు

ఒకయామా,
నవంబరు 9.

నాన్నగారికి,

కనోకో నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాకు కొంచెం జలుబు తప్ప లోటేమీ లేదు. అది కూడా తగ్గుముఖం పట్టింది. మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే రాశారు. ఆ తర్వాత నాలుగు పేజీలు కోప్పడ్డారు. అంత ఓపిక ఉందంటే ఒంట్లో బాగానే ఉందని అనుకుంటున్నాను. ఈ ఊళ్ళో చలి ఇంకా ముదరలేదు. మన వైపు సముద్రం ఈపాటికి బూడిదరంగుకి తిరిగి ఉంటుంది, పీతల పడవలు బయల్దేరి ఉంటాయి.

అమ్మ పంపిన పెట్టె శుక్రవారం అందింది. ఎండు చేపలు, ముల్లంగి ఊరగాయ, రెండు జతల మేజోళ్ళు. ఊరగాయ డబ్బా మూత దారిలో వదులైంది. మేజోళ్ళు మూడుసార్లు ఉతికాను. ముల్లంగి వాసన ఇంకా నాతోపాటే కాలేజీకి వస్తోంది. ఈ సంగతి అమ్మతో అనకండి. మూత బిగించింది మీరేనని ఆమె అంటుంది, ఇద్దరికీ ఒక పూట దానితోనే సరిపోతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పచ్చు. కానీ ఫోన్లో మీరు మూడుసార్లు "ఊఁ" అని అమ్మకి ఇచ్చేస్తారు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతారు.

మీ ఉత్తరంలో రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. మొదటి సీసా అయిపోయాక కంటి చుక్కల రెండో సీసా తెరవలేదని ఒకటి. ఇరవై నాలుగో తారీఖున డాక్టర్ ఒగినో గారి దగ్గర జరిగే చూపు మేర పరీక్షలో, అదే కన్ను కదపకుండా చుట్టూ ఎంత కనబడుతుందో కొలిచే పరీక్షలో, నెగ్గే కిటుకు దొరికింది, కొత్త సంవత్సరానికల్లా మళ్ళీ రైలు నడుపుతాను అని రెండోది. ఈ ఉత్తరం ఆ రెండింటి కోసమే. మీ ఇష్టం వచ్చినట్టు ఆ రెండూ చేస్తే, మిగిలిన చూపు కూడా మీకు తెలియకుండానే పోతుందని నా భయం. అయినా మీరు అడిగిన ప్రశ్నలకు ముందు జవాబు చెబుతాను. "కంటి చదువు చదువుతున్నావుగా, దీనికి జవాబు చెప్పు చూద్దాం" అన్నారు కదా. "కంపెనీకి చెప్పిందెవరు" అన్న ప్రశ్న ఒక్కటి మాత్రం చివరికి ఉంచుతున్నాను.

కంట్లో ఒత్తిడి పదిహేనే కదా, పుస్తకం ప్రకారం ఇరవై ఒకటి దాకా మామూలే కదా, మరి నాకు ఈ గ్లకోమా, అదే నీటికాసులు, ఎలా వచ్చాయి అని అడిగారు. మంచి ప్రశ్న. తోమియోకా టీచరు మొదటి ఏడాది ఈ ప్రశ్నే బోర్డు మీద రాసి మమ్మల్ని గంటసేపు అలాగే కూర్చోబెట్టారు. కంటి లోపల ఒక నీరు ఊరుతూ ఉంటుంది. కన్నీరు కాదు, అది వేరు. ఊరిన నీరు ఒక మూలనున్న సన్నని జల్లెడలోంచి బయటికి పారిపోతుంది. పారడం మందగిస్తే లోపల ఒత్తిడి పెరిగి, వెనకనున్న నరం మీద పడుతుంది. ఆ నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. ఒక్కొక్క పోగూ తెగిపోతుంటే, అది చూసే చోటు కూడా పోతుంది. చాలామంది విన్న కథ ఇంతే. కానీ మన దేశంలో ఈ జబ్బున్న వాళ్ళలో ఎక్కువమందికి ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. వాళ్ళ నరమే ఆ మామూలు ఒత్తిడికి ఆగలేదు. ఎందుకు ఆగలేదో పూర్తిగా తెలియదు.

దీన్ని మీకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఈమధ్య నాకు ఇదొక పిచ్చి పట్టింది. ఒక నోటుబుక్కులో కష్టమైన మాట ఎడమవైపు, దానికి మామూలు మాట కుడివైపు రాసుకుంటున్నాను. "చూపు మేర" అనే మాట అలా దొరికిందే. ఒత్తిడి సంగతికి వచ్చేసరికి కుడివైపు ఖాళీగా ఉండిపోయింది. చివరికి పట్టాల కింద వేసే చెక్క దిమ్మలు గుర్తొచ్చాయి. ఒకే రైలు, ఒకే బరువు. గట్టి దిమ్మ మోస్తుంది, పుచ్చిన దిమ్మ కుంగిపోతుంది. రైలు బరువు పెరగలేదని మీరు కాగితం చూపిస్తున్నారు. డాక్టరు గారు దిమ్మని చూసి మాట్లాడుతున్నారు. దిమ్మని మార్చే వీల్లేదు కాబట్టి బరువు తగ్గించడం ఒక్కటే మిగిలింది. పదిహేనుని పదకొండు దగ్గరికి దించాలని ఆయన అనడం అందుకే.

"కంపెనీ పరీక్షలో ఏటా పాసయ్యాను" అని కూడా రాశారు. నిజమే. ఉంగరం ఎటు తెరుచుకుందో చెప్పే పరీక్షలో మీకు రెండు కళ్ళకీ ఒకటి పాయింటు రెండు, అంటే మామూలు కంటే మెరుగే. ఆ పరీక్ష చూపు నడిబొడ్డును మాత్రమే కొలుస్తుంది. దాని చుట్టూ ఏముందో అది అడగదు. గాలి ఊది ఒత్తిడి కొలిచారు, పదిహేను వచ్చింది, ముద్ర వేశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ నరం ఫోటో తియ్యలేదు, అంతే.

నాకు అన్నీ కనబడుతున్నాయి అంటారు మీరు. మా క్లాసులో ఒకసారి టీచరు, ఈ జబ్బున్న మనిషికి వీధి ఎలా కనబడుతుందో బొమ్మ గీయమన్నారు. పద్దెనిమిది మందిమి పద్దెనిమిది నల్ల మచ్చలు గీశాం. ఆవిడ కాగితాలన్నీ తిప్పి పక్కన పడేశారు.

"నల్ల మచ్చ కనబడితే అందరూ ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళమ్మా, మనకి ఇంత పని ఉండేదే కాదు. ఏమీ కనబడదు. కనబడటం లేదన్న సంగతి కూడా తెలియదు."

మెదడు చుట్టుపక్కల రంగు తెచ్చి ఆ చోట అతికిస్తుందట. ఆకాశం పక్కనైతే ఆకాశం, చెట్ల పక్కనైతే చెట్లు. ఒక కన్ను వదిలేసింది రెండో కన్ను చూసి పెడుతుంది. రెండు కళ్ళూ ఒకే చోట వదిలేస్తే ఇక చెప్పేవాళ్ళుండరు. మీకు రెండు కళ్ళలోనూ నడిమికి కాస్త పైన, ఒకే చోట పోయింది.

ఇది రాస్తుంటే నానమ్మ గుర్తొచ్చింది. ఆఖరి ఏళ్ళలో ఆవిడ టీ కప్పు పక్కన పోసేది, గుమ్మం తెర కర్రకి తల కొట్టుకునేది. "కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తున్నావమ్మా" అని మీరు విసుక్కునేవారు. "మొహం మీదే పెట్టుకున్నాను రా, నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నాయి" అనేది. వయసు అని అందరం అనుకున్నాం. డాక్టరుకి చూపించలేదు కాబట్టి ఇప్పుడు ఏదీ రూఢిగా చెప్పలేను. కానీ ఈ జబ్బు ఇళ్ళ వెంట వస్తుంది. అందుకని నేనూ చూపించుకున్నాను. ఇప్పటికి ఏమీ లేదు. ఏడాదికోసారి చూపించుకోవాలి. పెద్దత్తకి కూడా చెప్పండి. మీ మాటే వింటుంది, నా మాట అసలు వినదు.

చుక్కల సంగతి. నెల రోజులు వేసుకున్నాను, చూపు మెరుగవలేదు సరికదా కళ్ళు ఎర్రబడ్డాయి, పనికిరాని మందుకి పట్టు ఎందుకు అన్నారు. నాన్నా, ఆ మందు మెరుగు చెయ్యడానికి కాదు. పోయిన పోగు మళ్ళీ రాదు. ఉన్న పోగులు ఉన్నన్నాళ్ళు ఉండటానికి ఆ చుక్క. వేసుకుంటే మీకు ఏ తేడా తెలియదు. మానేసినా ఏ తేడా తెలియదు. ఈ మందుతో చిక్కు అదే, సగం మంది ఇక్కడే ఆపేస్తారని టీచరు అంటారు. ఎరుపు చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే వేరే రకం ఇస్తారు. చెప్పకుండా మానెయ్యడం మాత్రం ఏ రకంలోనూ లేదు.

అమ్మ మొన్న ఫోన్లో ఏమందో తెలుసా? "మీ నాన్న కనురెప్పల వెంట్రుకలు సినిమా హీరోయిన్‌కి లాగా పెరుగుతున్నాయే. కాస్త నాకు ఇవ్వమంటే ఇవ్వడు" అంది. అది మందు చేసే పనే. కంటి చుట్టూ చర్మం కూడా నల్లబడచ్చు. అందుకని రాత్రి స్నానానికి ముందు వేసుకోండి, స్నానంలో మొహం కడుక్కుంటే పైన కారింది పోతుంది. ఒక్క చుక్క చాలు. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కనుండే కంటి మూలని వేలితో నెమ్మదిగా నొక్కి ఒక నిమిషం ఉండండి. రెప్పలు టపటపా కొట్టకండి. మీరు కొడతారని అమ్మ చెప్పింది.

ఇంకో మాట. చుక్కల్లో మరో రకం ఉంది, అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరి ఆడకుండా చేస్తుంది. చిన్నప్పుడు మీకు ఉబ్బసం ఉండేదని ఒగినో గారికి చెప్పారా? కంపెనీ కాగితాల్లో ఆ గడి ఎప్పుడూ ఖాళీగా వదిలేసేవారట. ఈ కాగితంలో వదలకండి.

లేజరు చేయించుకుంటే రైలు ఇస్తారా, ఆపరేషను చేయించుకుంటే ఇస్తారా అని అడిగారు. లేజరు కొద్ది నిమిషాల పని. నీరు పారే ఆ జల్లెడ మీద కాంతి పంపుతారు, పారడం మెరుగవుతుంది. కొందరికి చుక్కల అవసరమే తగ్గుతుంది. కొన్నేళ్ళకి ఆ గుణం తగ్గవచ్చు, అప్పుడు మళ్ళీ చెయ్యచ్చు. మొదట్లోనే ఒత్తిడి తక్కువున్న మీలాంటి వాళ్ళకి ఎంత దిగుతుందో ముందుగా చెప్పలేరు. ఆపరేషను అంటే నీరు పోవడానికి కొత్త దారి చెయ్యడం. ఒత్తిడి బాగా దిగుతుంది కానీ మరీ దిగిపోయే ప్రమాదం ఉంది, క్రిములు చేరకుండా జీవితాంతం కనిపెట్టుకోవాలి. చుక్కలతో, లేజరుతో ఆగనప్పుడే ఆ మాట ఎత్తుతారు. సన్నని గొట్టాలు పెట్టే పద్ధతులూ ఉన్నాయి. మీకు ఏది అన్నది డాక్టరు గారు చెప్పాలి, రెండో ఏడాది విద్యార్థిని చెప్పకూడదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. వీటిలో ఏ దారిన వెళ్ళినా చేరేది ఒకే స్టేషనుకి, ఉన్నది నిలబెట్టుకోవడానికి. పోయింది తెచ్చే పట్టా ఇంకా ఎవరూ వెయ్యలేదు. కాబట్టి ఇవేవీ మిమ్మల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టవు.

మీరు డిపోలో కూర్చుని, జనం మర్చిపోయిన గొడుగులకు చీటీలు కడుతున్నారని తెలుసు. "ముప్పై ఒక్క ఏళ్ళు రైలు నడిపినవాణ్ణి గొడుగుల గుమస్తాని చేశారు" అని రాశారు. అందుకే మీకు కిటుకు కావాల్సి వచ్చింది.

ఆ కిటుకు ఏమిటో నాకు అర్థమైంది. పరీక్ష యంత్రంలో దీపం కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి, ఆ దీపాలు ఒక తాళంలో, ఒకే లయలో వస్తాయి, తాళం పట్టుకుంటే కనబడినా కనబడకపోయినా నొక్కచ్చు అని. మీ చేతికి తాళం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ యంత్రం మధ్య మధ్య కావాలని దీపం వెయ్యకుండా ఊరుకుంటుంది. అప్పుడు కూడా నొక్కితే లెక్కపెట్టి కాగితం మూల అచ్చు వేస్తుంది. డాక్టరు ముందు చూసేది ఆ మూలే. ఒకవేళ ఆయన చూడలేదనుకుందాం, మీరు నెగ్గారనే అనుకుందాం. జబ్బు పెరుగుతోందా ఆగిందా అన్నది ఆ కాగితాలని పక్కపక్కన పెట్టే తెలుసుకోవాలి. ఈ మందు చాలదు, లేజరు వెయ్యాలి అని చెప్పాల్సింది ఆ కాగితమే. దాని చేత అబద్ధం చెప్పిస్తే నష్టపోయేది కంపెనీ కాదు.

మీరు ఇలా ఒకసారి నొక్కారు, మీకు గుర్తుందో లేదో. ఆగస్టు చివరి శనివారం. సాధన చెయ్యడానికి మనిషి కావాలి అని బతిమాలి మిమ్మల్ని ఇక్కడికి రప్పించాను. మీరు సూటు వేసుకుని, మా క్లాసు మొత్తానికి సరిపడా మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చారు. యంత్రంలో గడ్డం పెట్టి, బటన్ పట్టుకుని, ఒక్క దీపం కూడా వదలకుండా నొక్కారు. బయటికి రాగానే మీరు అడిగిన మొదటి మాట, "నీకెన్ని మార్కులొచ్చాయి?"

"నాన్నా, ఇది నా పరీక్ష కాదు, మీ కళ్ళది."

"అదే, నేను వదిలేస్తే నీకు తగ్గుతాయి కదా. అందుకని జాగ్రత్తగా నొక్కా."

తోమియోకా టీచరు కాగితం చూసి నవ్వలేదు. "మీ నాన్నగారు వెయ్యని దీపాలకి కూడా నొక్కారమ్మా. చాలా మర్యాదస్తుడు" అన్నారు. తర్వాత నరం ఫోటో తీశారు. దానికి బటన్ లేదు కాబట్టి మర్యాద కుదరలేదు. రెండు కళ్ళలోనూ కింది అంచు పల్చబడి ఉంది. కింద పల్చబడితే పైన చూపు పోతుంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా. త్వరలో డాక్టరుకి చూపించమని టీచరు మీకు చెప్పారు. మీరు వంగి నమస్కారం పెట్టి, "ఆకులు ఎర్రబడే సీజను అయిపోయాక తప్పకుండానండి, అప్పటిదాకా రద్దీ" అన్నారు. సోమవారం డ్యూటీ ఉందని సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న.

ఆగస్టు పద్నాలుగున, పండక్కి ఇంటికి వచ్చినప్పుడు మీ రైల్లో ఎక్కాను. చిన్నప్పటిలాగే మీ సీటు వెనక అద్దానికి ఆనుకుని నిలబడ్డాను. మీకు తెలియనిది ఏమీ లేదు ఇందులో, నేను చూసింది ఒక్కటి తప్ప. వానాకాలంలో గుట్ట జారింది కదా, అందుకని స్టేషనుకి ముందు మలుపులో సిగ్నల్ స్తంభాన్ని ఎడమవైపు నుంచి తీసి, నలభై మీటర్లు ముందుకి, కుడివైపున పాతారు. డిపోలో నోటీసు పెట్టారు, మీరు చదివి పేరు పక్కన ముద్ర వేశారు. మలుపు వచ్చింది. ప్రతి సిగ్నల్‌నీ వేలితో చూపించి పైకి పలకాలన్న మీ నియమం ప్రకారం, మీ తెల్ల చేతొడుగు ఎప్పటిలాగే లేచింది. వేలు ఎడమవైపుకి చూపించింది. "స్టేషను సిగ్నల్, పచ్చ!" అని గట్టిగా పలికారు.

మీ వేలు చూపిన చోట గుట్టా దాని మీద తీగలూ ఉన్నాయి. సిగ్నల్ కుడివైపున ఉంది. ఆకుపచ్చ కాదు, వేగం తగ్గించమనే పసుపు రంగులో ఉంది.

రైలు తగ్గాల్సినంత తగ్గలేదు. ప్లాట్‌ఫారం దగ్గర బ్రేకు పడేసరికి ఒక ముసలావిడ సంచిలోంచి ఉల్లికాడలు దొర్లి పోయాయి. దిగేటప్పుడు ఆవిడ మిమ్మల్ని ఊరికే వదల్లేదు.

"ఏం డ్రైవరు బాబూ, పొయ్యి మీద కెటిలు పెట్టి వచ్చావా?"

"తప్పైపోయింది అవ్వగారూ. మిమ్మల్ని తొందరగా చేర్చేద్దామని."

"చేర్చు నాయనా. కాళ్ళూ చేతులూ ఉన్నవి ఉన్నట్టు చేర్చు."

మీరిద్దరూ నవ్వారు. అవతలి పట్టా మీద ఎదురు రైలు ఆగి ఉంది, దాన్ని నడుపుతున్నది ఉత్సుమి గారు. అందుకే కంపెనీకి చెప్పింది ఆయనే అని మీరు నమ్మారు. ఇంటికి నడుస్తూ, "అక్కడ సిగ్నల్ మార్చారు కదా నాన్నా" అని అడిగితే, "తెలుసు, ముద్ర కూడా వేశా. చెయ్యి అలవాటుగా పోయింది. కన్ను చూస్తూనే ఉంటుంది" అన్నారు. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. ఆ రాత్రి మీరు టీ డబ్బా కోసం పై అర మొత్తం తడుముతుంటే అమ్మ, "ముక్కు ముందే ఉంది, పామైతే ఈపాటికి కాటేసేది" అంది. అప్పుడు నా నమ్మకం పోయింది.

ఇన్నేళ్ళూ సిగ్నల్ ఎక్కడుందో మీకు కంఠతా వచ్చు. మీ కన్ను ముందే ఆ చోటికి వెళ్ళి నిలబడేది, నడిబొడ్డు చూపుతో చూసేది, అందుకే ఎప్పుడూ తప్పలేదు. వేలు చూపించి, పేరు పలికి, తప్పు జరగకుండా చూసుకునే పద్ధతే మీ కంటి తప్పుని ఇన్నాళ్ళు దాచింది. సిగ్నల్ చోటు మారిన రోజు దాచలేకపోయింది.

ఇంత తెలిసీ పద్దెనిమిది రోజులు నేను నోరు మూసుకున్నాను. ఆ పద్దెనిమిది రోజుల్లో డ్యూటీ ఉన్న ప్రతిరోజూ మీరు ఆరుసార్లు ఆ మలుపు దాటారు, వెనక జనంతో. నా మొదటి తప్పు అది.

సెప్టెంబరు ఒకటిన, మీరు ఇక్కడి నుంచి వెళ్ళిన రెండో రోజు, డిపో అధికారి నివా గారికి ఫోన్ చేసింది నేను. ఉత్సుమి గారు కాదు.

"ఎవరమ్మా?" అన్నారు నివా గారు.

"కనోకోనండి. మియాగుచి గారి అమ్మాయిని."

"ఓహో, చిన్నప్పుడు నా టోపీ పెట్టుకుని పారిపోయిన పిల్లవి కదూ! చెప్పు తల్లీ."

చెప్పాను. చూసింది చూసినట్టు, వేలు ఎటు లేచిందో, దీపం ఏ రంగులో ఉందో. ఫోటోలో నరం పల్చబడిందని కూడా చెప్పాను. అవతల డిపోలో ఎవరో తుమ్మడం వినబడింది.

"నువ్వు చెబుతున్నది ఏంటో నీకు తెలిసే చెబుతున్నావా?"

"తెలిసేనండి."

"మీ నాన్న నాకంటే మంచి డ్రైవరు. అది కూడా రాసి పెట్టుకో." ఆ తర్వాత, "ఎవరి పేరూ చెప్పనులే" అన్నారు.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. మర్నాడు మిమ్మల్ని రైలు దించి ఒగినో గారి దగ్గరికి పంపారు. మీరు ఉత్సుమి గారితో మాటలు మానేశారు. ఆయన పంపిన నారింజల బుట్టని అమ్మ చేత వెనక్కి పంపించారని మీరే రాశారు, గొప్పగా. నేను రెండు నెలలు ఊరుకున్నాను. మీ కోపం ఆయన మీద ఉన్నంత కాలం నా మీద ఉండదని లెక్క వేసుకున్నాను. ఇది రెండో తప్పు, మొదటిదాని కంటే చిన్నదేమీ కాదు. ఉత్సుమి గారికి నిన్ననే వేరే ఉత్తరం రాశాను. మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే టపాలో వస్తాయి. క్షమించమని మీరు అడగాలో నేను అడగాలో నాకు తెలియలేదు, అందుకని నా వంతు నేను అడిగాను.

ఫోన్ చెయ్యడం తప్పని మాత్రం రాయను. చాలాసార్లు ఆలోచించాను. మీకు చెప్పి చెయ్యకపోవడం తప్పు.

కాబట్టి ఈసారి ముందే చెబుతున్నాను. ఇరవై నాలుగున కనబడినప్పుడే బటన్ నొక్కండి. కనబడనప్పుడు చెయ్యి కదపకండి. అందులో మార్కులు లేవు, నావీ మీవీ. మీరు తాళం పట్టి నొక్కి, ఆ కాగితంతో మళ్ళీ రైలెక్కితే, అదే రోజు నేను నివా గారికి మళ్ళీ ఫోన్ చేస్తాను. ఈసారి నా పేరు దాచవద్దని చెబుతాను. మీరు నాతో మాట్లాడటం మానేసినా చేస్తాను.

కోపం వస్తే ఎన్ని పేజీలైనా రాయండి, అన్నీ చదువుతాను. ఈ ఉత్తరం మడిచి పెట్టి, స్నానానికి లేచే ముందు రెండో సీసా మూత తెరవండి.

ఇట్లు,
నివా గారికి ఫోన్ చేసిన మీ అమ్మాయి,
కనోకో